మేడమెట్ల పరదా

"ఫొటో తీశాక అందరూ ఒకటే అడుగుతారు, బాగా వచ్చానా అని. నిజంగా ఉన్నట్టు వచ్చానా అని ఒక్కరూ అడగరేం, మాస్టారూ?"

చారుమతికి ఇదే పెద్ద చిక్కు. పట్నంలో ఫొటోల చదువు చదివి, చేతిపని నేర్చుకుందామని చీరాలలో దస్తగిరి సాయిబు గారి స్టూడియోకి వచ్చింది. ఫొటో కోసం జనం వేసే వేషాలన్నీ బయటపెడుతూ పట్నంలో ప్రదర్శన పెట్టబోతోంది. పన్నెండు ఫొటోలు కావాలి. పదకొండు అయ్యాయి.

సాయిబు గారు గోడకి వేలాడే పరదా దులుపుతున్నారు. దాని మీద రంగులతో వేసిన రాజుగారి మేడ, పాలరాతి మెట్లు, మెట్ల పక్కన నగిషీల పిట్టగోడ. ఊళ్ళో సగం మంది ఆ మెట్ల ముందు నిలబడ్డవాళ్ళే. ఎక్కినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

అప్పుడే చేపలమ్మే కాటమ్మ వచ్చింది. గంప వీధిలో దించి, చేతులు కడుక్కుని, మూలన తెర చాటున నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకొచ్చింది. కొత్తిల్లు కట్టుకుందట. గోడకి తన ఫొటో కావాలంది.

చెయ్యి పిట్టగోడ మీద ఆనించినట్టు పెట్టి, గడ్డం ఎత్తి నిలబడింది. చూడండి, మనిషికి అంత నిండుతనం ఎక్కణ్ణించి వస్తుందో!

చారుమతి ఆమె కోరినట్టే ఒకటి తీసింది. తర్వాత చప్పుడు చేయకుండా నాలుగడుగులు వెనక్కి వేసి ఇంకోటి తీసింది. అందులో పరదా అంచు, పైన వెదురుకర్ర, కింద బరువుకి పెట్టిన ఇటుకలు, పెచ్చులూడిన గోడ, కొక్కేనికి వేలాడే కాటమ్మ పాతచీర, అన్నీ పడ్డాయి.

"బాగా వచ్చానా పాపా?"

"రెండోది చూడక్కా. పట్నంలో వందలమంది చూస్తారు. అసలు నిజం ఇదీ."

కాటమ్మ కెమెరా అద్దంలోకి వంగి చూసింది. "నేను మెట్ల కాడ నిలబడితే, నువ్వు నన్ను కొట్టుగదిలో నిలబెట్టావేంది?"

"ఆ మెట్లు ఉత్తవే కదక్కా."

"నాకు తెలీదా? ముప్పయ్యేళ్ళు చేపలమ్మినదాన్ని. మొప్ప ఎత్తకుండానే నిన్నటిదో ఇయ్యాల్టిదో చెబుతా. గుడ్డకీ రాయికీ తేడా తెలీదా?" ఆమె కెమెరా పక్కకి నెట్టింది. "ఇది మాత్రం ఎవరికీ చూపించమాక."

చారుమతి మొహం వాడిపోయింది. పన్నెండోది చేతికందినట్టే అంది జారిపోతోంది.

"మీరైనా చెప్పండి మాస్టారూ. నేను అబద్ధం తీశానా?"

"లేదమ్మాయ్, నిజమే తీశావు. కొంచెం తక్కువైందంతే. ఇందాకటిలాగే మళ్ళీ తియ్యి. కాటమ్మా, నా కోసం ఒక్కసారి నిలబడు."

కాటమ్మ గొణుక్కుంటూ నిలబడింది. చారుమతి నాలుగడుగులు వెనక్కి వేసి కెమెరా ఎత్తింది. నొక్కేలోపే వెనక ఇంకో కెమెరా చప్పుడయింది. చూస్తే, సాయిబు గారు తన కెమెరాతో గుమ్మంలో స్టూలెక్కి ఉన్నారు.

ఆయన తీసింది ముగ్గురూ చూశారు. పరదా ఉంది, ఇటుకలున్నాయి, కాటమ్మ ఉంది. అందరికన్నా ముందు చారుమతి ఉంది. నల్లటి వదులు జుబ్బా, కొప్పులో గుచ్చిన పెన్సిలు, పులికి గురిపెట్టిన వేటగాడిలా వంగిన మోకాలు.

"ఓయమ్మో! నాకన్నా నువ్వే ముస్తాబయ్యావే పాపా! ఆ పెన్సిలుతో ఎప్పుడన్నా రాశావా?"

"ఇంకొక్క అడుగు వెనక్కి వచ్చుంటే నువ్వూ ఇందులో ఉండేదానివి," అన్నారు సాయిబు గారు.

చారుమతి చెయ్యి కొప్పు మీదికి పోయింది. పెన్సిలు లాగేసింది. జుట్టు విరబోసుకుంటే అదీ ఒక వేషంలాగే తోచిందేమో, మళ్ళీ గుచ్చుకుంది.

కాటమ్మ చూస్తుండగానే చారుమతి ఆ కొట్టుగది ఫొటో చెరిపేసింది. కెమెరా ఆమె చేతికిచ్చి, నొక్కాల్సిన చోటు చూపించి, తనే పోయి పరదా ముందు నిలబడింది.

"ఎట్టా నిలబడనక్కా?"

"చెయ్యి పిట్టగోడ మీద పెట్టు. గట్టిగా ఆనుకోమాక, పడతావు. ఆఁ, గడ్డం ఎత్తు."

కెమెరా చప్పుడయింది. పన్నెండోది.

చారుమతి రెండంగల్లో కాటమ్మ దగ్గరికొచ్చి, భుజం మీదుగా తొంగి చూసింది.

"బాగా వచ్చానా అక్కా?"

దస్తగిరి సాయిబు గారు వంగి, పక్కకి జరిగిన ఇటుకని మళ్ళీ పరదా అంచు మీదికి నెట్టారు.