పైడమ్మ జల్లించిన ఇసుక

ఏటికి ఇంకా ఎవరూ పేరు పెట్టని రోజులవి. చుక్కలు ఇప్పటికంటే కిందికి వేలాడేవని చెప్పుకునే రోజులు. ఆ ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక బడి. ఆ బడికి ఇసుక మోసే పైడమ్మ.

బడికి ఇసుకెందుకంటారా? అప్పుడు పలకలెక్కడివి! నేల మీద ఇసుక పరిచి, అందులో వేలితో ఓనమాలు దిద్దించేవారు. పైడమ్మ పొద్దున్నే ఏటికి పోయి తట్టతో ఇసుక తెచ్చేది. బడి ముందు కూర్చుని జల్లెడ పట్టేది. కిందికి జారిన ఇసుక వెన్నెల్ని దంచి పోసినట్టుండేది. జల్లెడలో మిగిలేది గులకరాళ్ళూ, నత్తచిప్పల ముక్కలూ.

"సన్నది ముందుకి, మొరటుది వెనక్కి." అది ఆ బడి ఆనవాయితీ. ముందు వరసలో మునసబుగారి పిల్లలూ, కరణంగారి పిల్లలూ. వెనక వరసలో చాకళ్ళ పిల్లలూ, కుమ్మర్ల పిల్లలూ. ఆడపిల్ల వస్తానన్నా ఆ ఊళ్ళో వద్దనేవారు కాదు, వెనక కూర్చోమనేవారు. ఆ ఆనవాయితీ ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. పైడమ్మ అత్త అలాగే పోసింది. పైడమ్మా అలాగే పోసింది.

ఏటా దసరాకి ముందు ఊరంతా చూస్తుండగా పంతులుగారు పరీక్ష పెట్టేవారు. ఎవరి చోట వాళ్ళు కూర్చుని ఇసుకలో దిద్దాలి. గీత నిలిస్తే బడి. చెదిరితే ఇంటికి.

ఒక ఏడు చాకలి దాలయ్య దిద్దాడు. గీత చెదిరింది. "వీడి చేతిలో అక్షరం నిలవదు" అన్నారు పంతులుగారు. ఊరంతా "నిలవదు" అంది. జల్లెడ పడుతున్న పైడమ్మ కూడా "నిలవదు బాబూ" అని తలూపింది.

ఇంకో ఏడు కుమ్మరి ముత్యాలు దిద్దాడు. చక్రం మీద కుండ అంచు తీర్చే చెయ్యి వాడిది. అయినా గీత చెదిరింది. "వీడి చేతిలో అక్షరం నిలవదు" అన్నారు పంతులుగారు. ఊరంతా "నిలవదు" అంది. "కుండంటే నిలుస్తాది గానీ, అక్షరం నిలుస్తాదేటి బాబూ!" అని పైడమ్మ నవ్వింది కూడా. ఆ నవ్వు ముత్యాలు విన్నాడు.

ఇంకొన్నేళ్ళకి పైడమ్మ మనవరాలు సూరి వంతు వచ్చింది. తల్లి లేని పిల్ల. బడంటే ప్రాణం. రేపు పరీక్ష అనగా దిగాలుగా కూర్చుంది.

"అమ్మమ్మా, గీత చెదిరితే నన్ను తీసేస్తారు గదా?"

"చెదరకుండా దిద్దవే, మొద్దు మొహమా!" అని పైడమ్మ నెత్తిన మొట్టింది.

సూరి ఏడవలేదు. చెయ్యి మాత్రం వెనక దాచుకుంది. పైడమ్మ లాగి చూసింది. వేలి కొస పచ్చిపుండయి ఉంది.

"ఏటే ఇది?"

"ఇసుక గీరుకుపోయింది. మా వరసలో అందరికీ అంతే అమ్మమ్మా. దాలయ్య మావకీ ఇంతేనంట."

మధ్యాహ్నం పిల్లలంతా అన్నాలకి పోయాక పైడమ్మ బడికి వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. ఆమెకి అక్షరం రాదు. ఒక సున్నా చుట్టింది. గులక దొర్లి సున్నా పూడిపోయింది. మళ్ళీ చుట్టింది. మళ్ళీ పూడిపోయింది. లేచి ముందు వరసకి పోయి చుట్టింది. సున్నా నిండు చందమామలా నిలిచింది.

పైడమ్మకి భూమి నోరు తెరిస్తే బాగుణ్ణనిపించింది. అత్త పోసింది, నిజమే. కానీ ఇన్నేళ్ళూ పోసింది ఈ చేతులే గదా! ఆ కుర్రాడి మీద నవ్వింది ఈ నోరే గదా!

పంతులుగారి దగ్గరికి పోయింది. "బాబూ, రేపు వెనక్కి కూడా సన్నదే పోస్తాను."

"ఆనవాయితీ మార్చడానికి నువ్వెవతివే? పోయి మునసబుగారినడుగు."

మునసబుగారు పగలబడి నవ్వాడు. "నీ మనవరాలు చదివి నా మునసబీ చేస్తుందేటే?"

మర్నాడు పైడమ్మ జల్లెడ ముట్టలేదు. ఏట్లోంచి తెచ్చింది తెచ్చినట్టే ముందుకీ వెనక్కీ గుమ్మరించింది.

మునసబుగారబ్బాయి దిద్దాడు. గీత చెదిరింది. కరణంగారబ్బాయి "అబ్బా!" అని వేలు నోట్లో పెట్టుకున్నాడు. సూరి దిద్దింది. అదీ చెదిరింది. పంతులుగారు మునసబుగారబ్బాయి గీత మీదికి వంగి "వీడి చేతిలో..." అని మునసబుగారి వైపు చూసి ఆగిపోయారు.

"అనండి బాబూ, ఆగిపోయారేటి!" అంది దాలయ్య తల్లి గుంపులోంచి. "మావోడినైతే గుక్క తిప్పుకోకుండా అన్నారు గదా!"

"ఎవత్తే ఈ ఇసుక పోసింది?" అని మునసబుగారు లేచాడు.

"నానే దొరా" అంది పైడమ్మ. "ఇన్నేళ్ళూ నానే పోశాను. దాలయ్యకీ నానే, ముత్యాలుకీ నానే. ఇయ్యాల అందరికీ ఒకటే పోశాను. కొడితే కొట్టండి."

ఎవరూ కొట్టలేదు. పంతులుగారు వంగి తన వేలితోనే "ఓ" దిద్దారు. ఆయన గీత కూడా నిలవలేదు. తల ఎత్తకుండానే మెల్లగా అన్నారు: "జల్లించమ్మా. అందరికీ."

మునసబుగారు కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. పైడమ్మ జల్లించింది. సూరి గీత నిలిచింది. కొంచెం వంకర, అయినా నిలిచింది.

ఊరు మెచ్చుకుంది. పైడమ్మ మాత్రం ఆ మెప్పు చెవిన పెట్టకుండా ముత్యాలు ఇంటికి పోయింది. వాడప్పటికి పెళ్ళయినవాడు, చక్రం తిప్పుతున్నాడు.

"నాయనా, నీ గీత చెరిపింది నానేరా. ఇప్పుడు రా. మెత్తటి ఇసుక పోస్తాను."

ముత్యాలు చక్రం ఆపలేదు. "ఇప్పుడేటి అత్తా! నీళ్ళు తాగిపో" అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆ నీళ్ళు ముట్టకుండానే పైడమ్మ ఇంటిదారి పట్టింది.

చచ్చిపోయేదాకా ఆమె ఇసుక జల్లించింది, అందరికీ ఒకటే ఇసుక. జల్లెడలో మిగిలిన గులకని మళ్ళీ ఏటిదాకా మోసుకుపోయి, నడి ఏట్లో పారబోసేది. ఎవరైనా "చల్లని తల్లివి" అంటే కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది.

పైడమ్మ పోయింది. పలకలొచ్చాయి, పుస్తకాలొచ్చాయి. అయినా ఆ ఏటి ఒడ్డు ఊళ్ళలో దసరానాడు పిల్లలకంటే ముందు పంతులే వెనక వరసలో కూర్చుని ఇసుకలో దిద్దాలి. ఎవరైనా పిల్లనో పిల్లాణ్ణో పట్టుకుని మొద్దు అన్నారనుకోండి, పక్కన ఏ ముసలమ్మో మెల్లగా అడుగుతుంది: "ఏ ఇసుక పోశావమ్మా?"

అడిగించుకున్నవాళ్ళు తల వంచుకుని, పోయి ఆ బిడ్డ పక్కన కూర్చుంటారు.