విప్పని పిడికిలి

సత్యవేణికి ఒకటే అంతుపట్టడం లేదు. అంటుకోనప్పుడు టీకా పనిచెయ్యలేదు, సరే. ఇప్పుడు అంటుకుంది కదా, మరి ఇప్పుడెందుకు పనిచెయ్యదు?

షామీర్‌పేట దాటాక ఉన్న ఒక ప్రయోగశాలలో వకుళాదేవి గారి దగ్గర పని నేర్చుకుంటోంది ఆమె. దోమకాటు జ్వరానికి టీకా. అందులో అసలు సరుకు ఒక ప్రోటీన్. దాన్ని ఒంటరిగా పంపితే ఒళ్ళు పెద్దగా పట్టించుకోదు. అందుకని తెల్లటి అల్యూమినియం జెల్‌కి అంటించి పంపుతారు.

మొదట్లో ఆ ప్రోటీన్ సీసాలోనే జెల్ మీంచి జారిపోయేది. సత్యవేణి పట్టుబట్టి దానికి ఫాస్ఫేట్ కొక్కేలు తగిలించింది. అవి అల్యూమినియాన్ని పట్టుకున్నాయంటే ఇక వదలవు. సీసాను గిర్రున తిప్పి చూస్తే తెలుపంతా అడుక్కి దిగింది, పైన తేరిన నీళ్ళలో ప్రోటీన్ జాడే లేదు. ఆ రోజు ఆమె కాలు నేల మీద ఆనలేదు.

టీకా వేసిన చిట్టెలుకల రక్తం మాత్రం పలకలేదు. యాంటీబాడీలు అంతంతమాత్రం.

"నీ మందు అందేలోపు వాటికి మునిమనవలు పుట్టేస్తారు వేణీ," అన్నాడు పక్క బల్ల రెహమాన్.

ఇంకొక్కసారి చూసి, అప్పుడూ ఇంతే అయితే ఈ పని కట్టిపెట్టమని పైనుంచి మాట వచ్చింది.

శనివారం. వకుళాదేవి గారు ఎప్పట్లాగే గుడికి వెళ్ళి వచ్చి, టీ తాగే గదిలో కూర్చున్నారు. చేతిలో ప్రసాదం డబ్బా.

"పట్టు చాలలేదేమో మేడమ్. ఇంకొన్ని కొక్కేలు తగిలిస్తాను," అంది సత్యవేణి.

"నీళ్ళలోకి ఎంత వచ్చిందన్నావ్?"

"ఒక్క పిసరు కూడా రాలేదండీ!" ఇంత దిగులులోనూ ఆ మాట దగ్గర గొంతు కాస్త లేచింది.

"చెయ్యి కడుక్కున్నావా? అయితే పట్టు, ప్రసాదం."

సత్యవేణి కుడిచేతి కింద ఎడమచెయ్యి ఆనించి పట్టింది. ఆవిడ పిడికెడు వడపప్పు తీసి, ఆ పిడికిలిని అలాగే ఆమె అరచేతిలో పెట్టారు. విప్పలేదు.

"ఊఁ, తిను."

"మీరు వదలందే ఎలా తిననండీ?"

"డబ్బా దగ్గర్నుంచి ఇక్కడిదాకా ఒక్క పలుకు రాలనివ్వలేదమ్మా," అన్నారావిడ, మెచ్చుకోమన్నట్టు.

సత్యవేణి నవ్వబోయి ఆగింది. ఆ పిడికిలి వంకే చూస్తూ ఉండిపోయింది.

"అయితే పట్టే వద్దంటారా?"

"పట్టుకోకుండా ఎలా తెస్తానే?"

వేళ్ళు కొంచెం సడలాయి. పలుకులు ఒకటీ అరా, ఒకటీ అరా ఆమె చేతిలోకి రాలాయి. కళ్ళకద్దుకుని తింది. మళ్ళీ చెయ్యి కడుక్కుని బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఈసారి ఎన్ని తగిలిస్తున్నావ్?" అన్నాడు రెహమాన్.

"కొన్ని ఊడదీస్తున్నాను."

సీసాను ఈసారి నీళ్ళతోనే కాదు, ఎలుక రక్తం నుంచి తీసిన తేటతోనూ తిప్పి, ప్రోటీన్ ఎందులో వదులుతోందో చూసింది. ఆ తరవాతే ఎలుకలకి ఇచ్చింది.

మళ్ళీ ఒక శనివారం నాడు, ఫలితం చెప్పడానికి ఆవిడ గదికి పరుగున వచ్చింది.

"పలికాయి మేడమ్!"

"ప్రోటీన్ వదిలిందా మరి?"

"సీసాలో వదల్లేదండీ. ఒంట్లోకి వెళ్ళాక వదిలింది."

వకుళాదేవి గారు డబ్బా మూత తీశారు.

"చెయ్యి పట్టు," అన్నారు.