తీతువు చెట్టెందుకు ఎక్కదు

ఒకప్పుడు తీతువు పిట్ట కూడా చెట్టు మీదే గూడు కట్టుకునేది. ఏటి ఒడ్డున తుమ్మతోపులో పిచ్చుక, గోరింక, కాకి, తీతువు ఇరుగుపొరుగున ఉండేవి. రోజుకొకటి వంతు వేసుకుని అన్ని గూళ్ళకూ కాపలా కాసేవి. పాము కనబడితే మాత్రం ఏది ముందు చూస్తే అదే అరిచేది.

ఒకరోజు గోరింక తన వంతులో కునుకు తీసింది. పాము వచ్చి పిచ్చుక గుడ్లు మింగేసింది. పైన తిరుగుతున్న గద్ద దిగి ఆ పామును చంపింది. ఇంకేముంది, తోపంతా గద్దను నెత్తిన పెట్టుకుంది.

"మీకెందుకమ్మా ఈ వంతుల గోల? పదిరోజులు నేను కాస్తాగా!" అంది గద్ద.

తీతువు అప్పుడే నాలుగు గుడ్లు పెట్టింది. హాయిగా పొదుగుకోవచ్చని, "నా వంతు నువ్వే తీసుకో మామా" అని అందరికంటే ముందు అదే అంది.

పదిరోజులు గడిచాయి. గద్ద కాపలా వదల్లేదు. "ఏటి అవతల ఇంకా పాములున్నాయి. అయినా అందరూ అరిస్తే పాము ఎటొచ్చిందో నాకెలా తెలుస్తుంది? ఇకమీదట నేనొక్కణ్ణే అరుస్తాను" అంది. అదీ నిజమేనని తలలూపాయి, బుద్ధిలేని పక్షులు! గద్ద కాకులకు రోజూ ఎంగిలి మాంసం పడేసింది. నోరెత్తినవాళ్ళ గూళ్ళు పీకే పని వాటికి అప్పగించింది.

ఆ తర్వాత గుడ్లు మాయం కాసాగాయి. "పామే" అనేది గద్ద. ఆ పామును చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఒక మధ్యాహ్నం తీతువు నీళ్ళు తాగి వచ్చేసరికి గూట్లో ఒక్కటే గుడ్డు మిగిలింది. పైకొమ్మ మీద గద్ద ముక్కు నుంచి పచ్చసొన కారుతోంది.

"నువ్వూ చూశావుగా, గోరింక వదినా?"

"నేనేం చూడలేదమ్మా. నాకూ పిల్లలున్నారు."

తీతువుకు ఒళ్ళు మండిపోయింది. "తిన్నది గద్దే! మనం పెట్టుకున్న కాపలాదారే!" అని తోపంతా దద్దరిల్లేలా అరిచింది.

కాకులు దూసుకొచ్చాయి. తీతువు మిగిలిన గుడ్డును కాళ్ళతో పట్టుకుని ఏట్లోకి ఎగిరింది. దాన్ని ఇసుకతిన్నె మీద గులకరాళ్ళ మధ్య దాచింది. గద్ద పైన ఎంతసేపు తిరిగినా రాయేదో గుడ్డేదో పోల్చుకోలేకపోయింది. ఆ పిల్ల బతికింది.

అప్పటినుంచే తీతువు చెట్టెక్కడం మానేసింది. తన కాపలా ఎవరికీ ఇవ్వదు. రాళ్ళ మధ్యే గుడ్లు పెట్టి, ఎవరొచ్చినా గొంతు చించుకుని అరుస్తుంది. మనవాళ్ళేమో దాన్ని అపశకునం అంటారు. గుడ్లు తిన్న గద్ద ఆకాశంలో కనబడితే మాత్రం చేతులెత్తి దండం పెడతారు!