నాంచారి గీసిన అమ్మ

అనగనగా ఒక ఊరు. సముద్రం కనిపించదు గానీ దాని హోరు మాత్రం వినిపిస్తూనే ఉండే ఊరు. దుప్పట్లోంచి కాళ్ళు బయట పెట్టకే, దోమలున్నాయి. ఊఁ కొడుతూ వినాలి. నీ ఊఁ ఆగిందా, నా కథా ఆగిపోతుంది, ముందే చెప్తున్నా. ఇవాళ నవ్వించే కథ కాదు మరి.

ఆ ఊరి మీదికి ఒక ఏడు ఉప్పెన వచ్చింది. ఉప్పెనంటే సముద్రం లేచి ఊళ్ళోకి రావడం. ఇళ్ళు పోయాయి, గొడ్లు పోయాయి, మనుషులూ పోయారు. బడి గోడలతో సహా కొట్టుకుపోయింది. ఆ తర్వాత మిగిలినవాళ్ళు తాటాకు పాక ఒకటి వేసి, ఇదే బడి అనుకున్నారు. పాత మాస్టారు ఉండలేక వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఆయన్నేమీ అనకూడదులే, ఎవరి భయం వాళ్ళది. ఆయన బదులు కరుణమ్మ అనే టీచరమ్మ వచ్చింది.

టీచరమ్మ వచ్చీ రాగానే పిల్లల్ని బొమ్మలు వెయ్యమంది. పిల్లలు గబగబా వేసి చూపించారు. చూస్తే ఏముంది, అందరి పలకల మీదా ఒకటే బొమ్మ. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఒక పెంకుటిల్లు.

అప్పుడు టీచరమ్మ, ఈ కొండలు ఎక్కడున్నాయర్రా అని అడిగింది. ఆ ఊరికి ఎటు చూసినా బల్లపరుపు నేల. కొండన్నది ఆ పిల్లలు పుట్టి బుద్ధెరిగి చూసింది లేదు. బొమ్మంటే కొండలుండాలి కదండీ, పాత మాస్టారు బోర్డు మీద వేసేవారు, మేం చూసి దించేవాళ్ళం అన్నారు. విన్నావా చోద్యం.

అయితే పలకలు తుడిచేసి, పొద్దున్నుంచీ మీ కళ్ళతో చూసిందేదో అది వెయ్యండి అంది టీచరమ్మ. అంతే, పిల్లలకి చేతులాడలేదు. దించడం వచ్చుగానీ వెయ్యడం ఎవరు నేర్పారు పాపం. ఒకడైతే ఏడుపు లంకించుకున్నాడు. టీచరమ్మ కోప్పడలేదు, తొందరపెట్టలేదు. కూచోబెట్టి, నెమ్మదిగా గుర్తు తెచ్చుకోమంది.

అప్పుడు ఒకడు పీతని వేశాడు. దానికి కాళ్ళు ఎక్కువైపోయాయి. ఇంకొకతె గేదెని వేసింది, పలక చాలక తోక బయటే ఉండిపోయింది. ఏం వేసినా టీచరమ్మ తప్పు అనేది కాదు. ఇంకేం చూశావు అని మాత్రం అడిగేది.

రంగులు కొనే దిక్కెక్కడిది? ఇంట్లోంచి పసుపు తెచ్చారు, బొగ్గు తెచ్చారు, ఇటుక నూరారు. చిక్కుడాకు పసరు తీశారు. వేపపుల్ల కొస నమిలితే అదే కుంచె. టీచరమ్మ పట్నం నుంచి పాత క్యాలెండర్లు పట్టుకొచ్చింది, వాటి వెనక తెల్లగా ఉంటుంది కదా, అదే కాగితం. పాక నిండా బొమ్మలు వేలాడాయి. అన్నీ వేశారు గానీ నీళ్ళు మాత్రం ఎవ్వరూ వెయ్యలేదు. టీచరమ్మ అడగనూ లేదు.

ఆ పిల్లల్లో నాంచారి అని ఒకతె ఉండేది. నీ ఈడుదే. వాళ్ళమ్మ తిరపతమ్మ ఉప్పెనకి పోయింది. నాన్న రాఘవులు, నాయనమ్మ, ఈ పిల్ల మిగిలారు. తిరపతమ్మ పోయి ఏడాది కావస్తోంది, సంవత్సరీకం పెట్టాలి. ముత్తయిదువుగా పోయిన మనిషి కదా, పీట మీద పసుపు, కుంకుమ, కొత్త చీర పెట్టాలి. వెనకాల ఫోటో పెట్టి దండ వెయ్యాలి. ఫోటో ఏదీ? ఉన్న ఒక్క పెళ్ళిఫోటో ట్రంకుపెట్టెతో సహా నీళ్ళలో పోయింది.

ఫోటో లేకపోతే చెంబు పెట్టి, చెంబుకే దండ వేద్దాం, లోకంలో లేనిదా అంది నాయనమ్మ. పెద్దవాళ్ళకి అది మామూలే. నాంచారికి మాత్రం గుండెలో ముల్లు దిగినట్టయింది. అమ్మ చెంబు ఎలా అవుతుంది?

ఇంకో బాధ కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. కళ్ళు మూసుకుంటే అమ్మ మొహం రావడం లేదు. మొదట్లో వచ్చేది. ఈ మధ్య ఎంత తలుచుకున్నా జారిపోతోంది. అమ్మని మర్చిపోతున్నానేమో అని బెంగ పట్టుకుంది ఆ పసిదానికి. అన్నం సహించడం మానేసింది.

ఒకరోజు బడి వదిలాక అందరూ వెళ్ళిపోయారు గానీ నాంచారి కదల్లేదు. టీచరమ్మ దగ్గరికి పోయి, మా అమ్మ బొమ్మ కావాలండీ, దండ వెయ్యాలి అని చెప్పింది. మొహం జారిపోతున్న సంగతి కూడా చెప్పేసింది. టీచరమ్మ పిల్లని దగ్గరికి తీసుకుంది.

జాలి పడ్డప్పుడు మనిషి ఒక్కోసారి తొందరపడుతుందే. టీచరమ్మ కూడా అలాగే, తనే కూచుని బొమ్మ వేసి ఇచ్చింది. చక్కటి కోలమొహం, చక్కటి కళ్ళు, ముక్కుపుడక. నాంచారి ఆ బొమ్మని చాలాసేపు చూసి, బాగుందండీ, మా అమ్మ కాదు అంది.

ఆ తర్వాత నాంచారి తనే ఒక ఉపాయం పన్నింది. బళ్ళో పాత క్యాలెండరు ఒకదాని మీద లక్ష్మీదేవి ఉంది, దాన్ని వెలుతురుకి పట్టి, వెనకనించి గీతమీద గీత దించేసింది. తామరపువ్వు తీసేసి, చేతులు రెండే ఉంచి, నుదుట పెద్ద బొట్టు పెట్టింది. తీసుకెళ్ళి నాన్నకి చూపిస్తే, రాఘవులు తల నిమిరి ఊరుకున్నాడు. ఆ ఊరుకోడంలోనే తెలిసిపోయింది పిల్లకి. ఆ కాగితం మడిచి చూరులో దోపేసింది.

మర్నాడు బడికైతే వచ్చింది గానీ కుంచె ముట్టుకోలేదు. టీచరమ్మ ఆలోచనలో పడింది. పాత మాస్టారు తన కొండల్ని పిల్లల పలకల మీదికి ఎక్కించాడు, నేనూ నా బొమ్మే కదా ఈ పిల్ల చేతిలో పెట్టాను అనుకుంది. సిగ్గుపడింది. సంవత్సరీకం ఇంక రేపే.

అప్పుడు టీచరమ్మ వెళ్ళి నాంచారి పక్కన చాపమీద కూచుని నెమ్మదిగా చెప్పింది.

“మొహం రాకపోతే రానియ్యకు తల్లీ. మీ అమ్మని ఎక్కువగా నువ్వు ఎలా చూశావో, అది వెయ్యి.”

నాంచారి కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత బొగ్గు తీసుకుంది. ఈసారి ఎవర్నీ అడగలేదు, దేన్నీ చూడలేదు. బొగ్గు అయింది, పసుపు అయింది, ఇటుకపొడి అయింది. టీచరమ్మ ఒక్క గీత కూడా దిద్దలేదు. నాంచారి వేస్తూ వేస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే వేసింది. టీచరమ్మ కూడా కళ్ళొత్తుకుంటూ పక్కనే కూచుంది.

మర్నాడు ఇంట్లో పీట వేశారు. పసుపు, కుంకుమ, కొత్త చీర పెట్టారు. చుట్టాలొచ్చారు. టీచరమ్మని పిలిస్తే ఆవిడా వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. నాయనమ్మ చెంబు తోమి తెస్తోంది. అప్పుడు నాంచారి చుట్టిన కాగితం విప్పి పీట మీద గోడకి ఆనించింది.

అందరూ ఒంగి చూశారు. బొమ్మలో ఒక ఆడమనిషి అటు తిరిగి నడిచిపోతోంది. నెత్తిమీద అన్నం గంప, కొప్పులో కనకాంబరాలు. చీర ఒకవైపే పైకి ఎగదోపింది. కింద సన్నటి పొలంగట్టు. మొహమన్నదే లేదు.

రాఘవులు చూశాడు. ఎగదోపిన ఆ చీర కొసని వేలితో తడిమాడు. “తిరపతమ్మే,” అన్నాడు. అలా చీర ఒకవైపే దోపుకునే మనిషి ఊరు మొత్తానికి ఆవిడొక్కతే. ఉప్పెన వచ్చినప్పుడు కూడా ఏడవని మనిషి, అందరి ముందూ మొహం కప్పుకుని ఏడ్చాడు.

నాయనమ్మకి మాత్రం మనసొప్పలేదు. పెద్దవాళ్ళ పట్టింపు పెద్దవాళ్ళది. దండ మెడలో వేస్తారు గానీ వీపుకి వేస్తారటే, పీట మీదికి పిలిస్తే అటు తిరిగి కూచోవడమేంటి, ఇంట్లోంచి వెళ్ళిపోతున్నట్టు ఉంది, తీసెయ్ అంది. చుట్టాలు కూడా నిజమే, నిజమే అన్నారు.

“మీ అమ్మ మనవైపు చూడకుండా అటెందుకు తిరిగిందే?” అంది నాయనమ్మ.

నాంచారికి ఆ ప్రశ్నే వింతగా అనిపించింది.

“నాన్నకి అన్నం పట్టుకెళ్తున్నాం కదా నాయనమ్మా. గట్టు ఇరుకు, ఇద్దరం పక్కపక్కన పట్టం. అమ్మ ముందు, నేను వెనక. నెత్తిన గంప ఉంటే తిరగలేదు. అందుకే మాటిమాటికీ వస్తున్నావా అని అడుగుతుంది. వస్తున్నానమ్మా అంటాను.”

నాయనమ్మ చేతిలో చెంబు పక్కన పెట్టేసింది. దండ తనే తీసుకుంది. ఆ వీపు మీద పడకుండా, కనకాంబరాలు కనపడేట్టు, కొప్పు పైనుంచి నెమ్మదిగా వేసింది.

ఊఁ కొట్టట్లేదే... పడుకున్నావా? పడుకో తల్లీ.

కథేమో నడిచి నడిచి కంచికి పోయింది,
కునుకేమో మెల్లగా కంటికి వచ్చింది,
కథ కంచికి, కునుకు కంటికి,
కలిసి మనం మన ఇంటికి.