సమాధి మీది పచ్చిక

గురుసిద్ధప్ప తాతకు కూర్చుని జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరేది అడిగినా కాసేపు నేల వైపు చూసి, చేతికర్ర అందుకుని లేచేవాడు. అడిగినవాడు వెంట నడవవలసిందే. దారిలో ఏది ఎదురైతే అదే జవాబు.

ఆ ఉదయం అడిగినవాడు చెన్నబసప్ప. రాయదుర్గం వైపు ఒక ఊళ్లో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతాడు. సెలవు దొరికితే కొండ కింది మఠానికి వచ్చి తాత దగ్గర కూర్చుంటాడు. ఏడాది కిందట, ముంగారు తొలి వాన నాడు, అతని ఒక్కగానొక్క కూతురు నీలమ్మ తల్లిని పిలుచుకురావడానికి చేనికి పోతూ పిడుగు పడి చనిపోయింది. పదో తరగతి చదివే పిల్ల. వాళ్ల ఆచారం ప్రకారం ఆ చేనిలోనే కూర్చోబెట్టి పూడ్చారు.

"సృష్టిలో ఏదీ పోదని పిల్లలకు ఏళ్ల తరబడి చెబుతున్నాను తాతా," అన్నాడు చెన్నబసప్ప. "గాలిలో ఎక్కువ భాగం నత్రజనే. అయినా ఏ పైరూ దాన్ని నేరుగా గాలిలోంచి తినలేదు. పిడుగు దాన్ని కాలిస్తే వాన కరిగించి నేలకు దింపుతుంది. వేరుశనగ వేళ్ల బుడిపెల్లో కంటికి కనపడని జీవులుంటాయి, అవీ దాన్ని పట్టి మట్టికిస్తాయి. వేరు పీల్చుకుంటే ఆకవుతుంది. ఆకు మేసిన మేక ఒంట్లో కండవుతుంది. పేడా, చచ్చిన ఒళ్లూ కుళ్లితే మళ్లీ వేరుకు తిండి. కొంత భాగాన్ని మట్టిలోనే ఉండే వేరే జీవులు తిరిగి గాలికి వదిలేస్తాయి. రవ్వంత కూడా నశించదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసింది నన్నెందుకు ఆదుకోవడం లేదు?"

తాత నేల వైపు చూశాడు. తర్వాత లేచి చెన్నబసప్ప చేను వైపే నడిచాడు.

చెన్నబసప్ప కాళ్లు వెనక్కి లాగాయి. కూతుర్ని పూడ్చినప్పటి నుంచి అతను అటు వెళ్లలేదు. భార్య శరణమ్మ మాత్రం రోజూ వెళ్లేది. కలుపు తీయడానికి అనుకున్నాడు. పిల్ల పోయిన కొత్తలో ఆమె అన్నం ముట్టలేదు. అప్పుడు తనకు తెలిసిన ఒకే ఒక్క ఓదార్పు ఆమె ముందు పెట్టాడు. పాప ఎక్కడికీ పోలేదు, ఆ మట్టిలో ఉంది, రేపు ఆ గడ్డిలోకి వస్తుంది అని చెప్పాడు. ఆమె మర్నాటి నుంచి తినడం మొదలుపెట్టింది. తన చదువు తనను నిలబెట్టకపోయినా ఆమెనైనా నిలబెట్టిందని ఇన్నాళ్లూ అనుకుంటున్నాడు.

ఈ ఏడూ వానలు మొహం చాటేశాయి. చేనంతా కొర్ర జానెడెత్తున, కొసలు పసుపెక్కి నిలబడి ఉంది. సమాధి మీద మాత్రం గడ్డి మోకాలెత్తు పెరిగి ముదురాకుపచ్చగా ఊగుతోంది. దాని పక్కన శరణమ్మ ఎండలో కూర్చుని ఉంది. ఒళ్లో కర్ర, ముందు గులకరాళ్ల కుప్ప.

"ఏం చేస్తాండావమ్మా?" అన్నాడు తాత.

"కాపలా ఉండా తాతా. పాప గడ్డిలోకి వస్తాదని ఈయనే చెప్పినాడు. వచ్చింది. ఏ గొర్రో మేకో మేసిపోతే మళ్లా యాడని ఎతుక్కునేది?"

కాపలాకు ఓపిక కావాలనే ఆమె అన్నం తింటోందని చెన్నబసప్పకు అప్పుడు అర్థమైంది. "నేను చెప్పింది అట్ల కాదు శరణా," అని మొదలుపెట్టాడు. కానీ ఆ మాట పూర్తి చేయాలంటే, పాప అందులో లేదని చెప్పాలి. ఆగిపోయాడు.

అంతలో మంద నుంచి తప్పిన చూలు మేక ఒకటి గట్టు దిగింది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. చేనిలో ఇంకెటూ చూడకుండా నేరుగా ఆ పచ్చదనం మీదికే వచ్చి మూతి పెట్టింది. శరణమ్మ మోకాళ్లు పట్టేసి వెంటనే లేవలేకపోయింది. చెన్నబసప్ప రాయి తీసి విసిరాడు. అది మేక ముందుకాలికి తగిలింది. మేక అరిచి ముందుకు కూలబడింది. అతను ఇంకో రాయి తీశాడు.

శరణమ్మ అతని వైపు చూసింది. ఆ చూపులో నిష్ఠూరం లేదు. తెలియక అడుగుతున్నట్టు అడిగింది.

"అంతా తిరుగుతా ఉంటాదని నువ్వే గదా చెప్పినావు. మేక తిన్నా పాప పోదు గదా. మరి ఎందుకు కొట్టినావు?"

చెన్నబసప్ప చేతిలోని రాయి కింద వదిలేశాడు. అతని మొహంలోకి చూస్తూ చూస్తూ ఆమె మొహం మారిపోయింది. కర్రను మెల్లగా నేల మీద పెట్టింది. మేక లేచి కుంటుకుంటూ మళ్లీ గడ్డి దగ్గరికి వచ్చింది. ఎవరూ అదిలించలేదు. పరపరమని గడ్డి తెగే చప్పుడు ఒక్కటే చాలాసేపు వినిపించింది.

"ఇంక నేను ఇంటికి పోతా," అంది శరణమ్మ. గట్టెక్కి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

"నేను చెప్పింది అబద్ధమా తాతా?" అన్నాడు చెన్నబసప్ప.

గురుసిద్ధప్ప మేస్తున్న మేకను చూస్తూ నిలబడ్డాడు.

"నిజమే చెప్పినావు నాయనా. ఏదీ పోలేదు," అన్నాడు. "పాపే పోయింది."