ముందు గుమ్మానికి బాణం

మస్తాన్ మాస్టారు ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. నలభై ఏళ్ళుగా బోర్డులు రాస్తున్న ఆయన దగ్గర ఏడుకొండలు పని నేర్చుకుంటున్నాడు. ఇద్దరు పిల్లల తండ్రయ్యాక ఈ విద్యలోకి వచ్చినవాడు కనుక అతని అనుమానాలూ ముదురువే. ఒకనాడు అడిగాడు: "మాస్టారూ, బోర్డు మీద మాట మారిస్తే, బొమ్మ మారిస్తే ఏం ఒరుగుతుంది? ఏది రాయమంటే అది రాసేస్తే పోలా?"

మాస్టారు కుంచె కడుక్కుంటూ, "రేపు తహసీల్దారు ఆఫీసు గోడ నువ్వే రాయి" అన్నారు.

మర్నాడు మాస్టారు పక్కన కూర్చుని చూస్తుండగా, ఆఫీసువాళ్ళు ఇచ్చిన కాగితం చూసి ఏడుకొండలు గోడకు నీలిరంగు పూశాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కొయ్యలా కూర్చున్న మనిషిని గీశాడు. కింద "వికలాంగులు వెనుక ద్వారము నుండి రావలెను" అని రాశాడు. వెనుక ద్వారమంటే చెత్త తగలబెట్టే చోటు. ముందు గుమ్మానికి మూడు మెట్లున్నాయి.

ఆ ఆవరణలోనే, జిరాక్స్ షాపు పంచన, సువార్తమ్మ అర్జీలు రాస్తుంది. పదిహేడేళ్ళలో ఆమె రాసిన అర్జీ తప్పులున్నాయని వెనక్కి వచ్చింది లేదు. చక్రాల కుర్చీని తన చేతులతోనే నడుపుకుంటూ గోడ దగ్గరికి వచ్చి, రాసినది రెండుసార్లు చదివింది.

"వికలమంటే సరిగా లేనిదని అర్థం తమ్ముడూ. నా అర్జీలో ఒక్క అక్షరం సరిగా లేదని చూపించు, ఈ బోర్డు ఒప్పుకుంటాను."

సూపరింటెండెంటు మెట్ల మీద నుంచే సర్దిచెప్పబోయాడు. "పోనీలేమ్మా, దివ్యాంగులని మార్పిస్తాను. గౌరవంగా ఉంటుంది."

"నన్ను దేవతను చేసినా వెనక గుమ్మమేగా సార్" అందామె. తర్వాత బొమ్మ చూపించింది. "ఇతని చేతులకేమైంది? ఎవరో వచ్చి తోసేదాకా ఇట్లాగే కూర్చుంటాడా?"

ఏడుకొండలు మాస్టారి వంక చూశాడు. ఆయన కిరసనాయిల్లో తడిపిన గుడ్డ అందించారు. ఏడుకొండలు బొమ్మా రాతా తుడిచేశాడు. ఈసారి సువార్తమ్మను చూస్తూ గీశాడు: ముందుకు వంగిన వీపు, చక్రం మీద బిగిసిన చేతులు.

"ఏం రాయమంటావక్కా?"

"చక్రాల కుర్చీ దారి అని రాయి. బాణం ముందు గుమ్మానికి పెట్టు."

సూపరింటెండెంటుకు కోపం వచ్చింది. లేని దారికి బోర్డేమిటని గద్దించాడు. అప్పుడు మాస్టారు నోరు విప్పారు. "బోర్డు రాసే పని మాది సార్. దారి వేసే పని మీది."

ఆ ఆఫీసు పని ఆయనకు మళ్ళీ రాలేదు. సువార్తమ్మ మాత్రం మర్నాటి నుంచి మెట్ల కిందే, బాణం ఎదురుగా కూర్చుని రాయసాగింది. వచ్చినవాళ్ళు బోర్డు చదివి, మెట్లు చూసి, దారి ఎక్కడని లోపలికి వెళ్ళి అడిగేవారు. ఒప్పుకున్నవాళ్ళ అర్జీ చివర ఆమె అదే ప్రశ్న ఒక వాక్యంగా చేర్చేది. బోర్డు మీద సున్నం కొట్టమని ఆఫీసువాళ్ళు పిలిచిన మనిషి రెండుసార్లు వచ్చి, ఆమెను చూసి, బకెట్టుతో సహా వెళ్ళిపోయాడు.

మూడో నెలలో మెట్ల పక్కన సిమెంటు వాలు పోశారు. కొంచెం నిటారుగానే పోశారు. సువార్తమ్మ సగం ఎక్కి ఆగింది. మాస్టారితో కలిసి చూడవచ్చిన ఏడుకొండలు చెయ్యి వెయ్యబోతే "వద్దు" అంది. ఊపిరి తీసుకుని, మిగతా సగం ఎక్కి, ఒక ముసలామె అర్జీ తన చేత్తోనే లోపల ఇచ్చి వచ్చింది.

తిరిగి వస్తూ ఏడుకొండలు అన్నాడు: "దారి కనిపిస్తూనే ఉంది కదా మాస్టారూ. ఇక ఆమెకు ఆ బోర్డుతో పనేముంది?"

"ఆమెకు ఎప్పుడూ లేదురా" అన్నారు మాస్టారు. "అది ఆమె కోసం రాసింది కాదు, మెట్లెక్కి వెళ్ళేవాళ్ళ కోసం."