సిరిచుక్క దేవుణ్ణి అడిగిన ప్రశ్న

అనగనగా ఒక అడవిలో, తునికిచెట్లు గుబురుగా పెరిగిన ఒక లోయలో, సిరిచుక్క అనే చుక్కల దుప్పి ఉండేది. దానికి ఒక్కతే కూతురు. పేరు పూరేకు. పుట్టి మూడు నెలలు కూడా కాలేదు. పూరేకు నడవగా ఎవరూ చూడలేదు. పొద్దు పొడిచిన దగ్గర నుంచి పొద్దు కుంకే దాకా గెంతుతూనే ఉండేది.

ఆ లోయలో దుప్పులకీ కొండముచ్చులకీ తాతల నాటి ఒప్పందం ఒకటి ఉంది. కొండముచ్చు చెట్టు మీద నుంచి దూరం చూస్తుంది. దుప్పి కింద నుంచి వాసన పడుతుంది. చిరుతపులి వస్తోందని ఎవరు ముందు పసిగడితే వాళ్ళు అరవాలి. ఆ అరుపు వినగానే అందరూ ప్రాణాలు దక్కించుకోవాలి.

అదే అడవిలో ఒక దయ్యం కూడా ఉండేది. దాన్ని అందరూ చెవిలోడు అనేవారు. వాడికి చేతులు లేవు. కాళ్ళు లేవు. కోరలు అసలే లేవు. ఉన్నదల్లా గొంతు ఒక్కటే. ఎవరి చెవిలోనైనా దూరి, వాళ్ళ మనసులో మాటలాగే మాట్లాడేవాడు. దేవుడు చేసిన మంచి ఏదీ వాడికి గిట్టేది కాదు.

ఒకనాటి మధ్యాహ్నం కాపలా వంతు బూదన్నది. బూదన్న అంటే బూడిదరంగు ఒళ్ళున్న పెద్ద కొండముచ్చు. చెట్టు నిండా తునికిపళ్ళు మగ్గి ఉన్నాయి. మిగతా గుంపు దూరంగా నిద్రపోతోంది. బూదన్న రెండు చేతులా పళ్ళు కోసుకుని తింటూ ఉండగా, కింద సిరిచుక్క, పూరేకు మేస్తున్న వైపు గడ్డిలో చిరుత మెల్లగా పాకడం కనిపించింది. అరుద్దామని నోరు తెరిచాడు.

చెవిలోడు అన్నాడు: "అరిస్తే మీ గుంపంతా లేస్తుంది. ఈ పళ్ళన్నీ పంచుకోవాలి. చిరుత నీకోసం రావడం లేదుగా!"

బూదన్న నోరు మూసుకున్నాడు.

చిరుత దూకింది. పూరేకు వెనక కాలు దాని పంజాకి చిక్కింది. సిరిచుక్క వెనక్కి తిరిగి, ప్రాణానికి తెగించి, ముందుగిట్టలతో చిరుత ముక్కు మీద తన్నింది. చిరుత ఒక్క క్షణం వదిలింది. ఆ క్షణంలోనే తల్లీ బిడ్డా ముళ్ళపొదలో దూరి బతికారు. కానీ పూరేకు కాలు చీలిపోయింది. ఇక గెంతడం లేదు. మూడు కాళ్ళ మీద కుంటడమే.

సిరిచుక్క చెట్టు కిందికి వచ్చి అడిగింది: "బూదన్నా, నీకు కనపడలేదా?"

బూదన్న తల ఎత్తలేదు. "కనపడింది అక్కా. చెవిలోడు వద్దన్నాడు. నేను విన్నాను."

సిరిచుక్క రెండు రోజులు మేత ముట్టలేదు. మూడోనాడు పూరేకుని లేపి అంది: "పద తల్లీ. కొండ మీద దేవుడు ఉన్నాడట. మంచివాడట. అంత మంచివాడు ఆ చెవిలోణ్ణి ఎందుకు ఉండనిచ్చాడో అడుగుతాను. వాణ్ణి తీసేయమంటాను."

కొండ మూడు రోజుల దారి. మంచి ఎండాకాలం.

మొదటి రోజు వాళ్ళు వాగు దగ్గరికి చేరేసరికి వాగులో చుక్క నీళ్ళు లేవు. ఇసుక మధ్యలో ఒక ముసలి ఏనుగు మాత్రం తొండంతో చెలమ తవ్వుకుంటోంది. దోసెడు నీళ్ళు ఊరాయి. ఏనుగు పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి. అది పూరేకుని చూసింది. నీళ్ళని చూసింది. తర్వాత రెండడుగులు వెనక్కి వేసింది.

"పసిదాన్ని ముందు తాగనీ," అంది.

పూరేకు తాగింది. మళ్ళీ నీళ్ళు ఊరే దాకా ఏనుగు ఎండలో నిలబడే ఉంది. సిరిచుక్క తను ఎక్కడికి వెళ్తోందో చెప్పింది.

"చెవిలోడా? ఇందాకే ఇక్కడున్నాడు," అంది ఏనుగు. "పొద్దుటి నుంచీ తవ్వింది నువ్వు, తాగేది వాళ్ళా, చెలమని తొక్కి పూడ్చెయ్యి అన్నాడు."

"మరి నువ్వేమన్నావు?"

"ఏమంటాను? వెనక్కి జరిగాను. నోరెండిపోతుంటే మాటలెక్కడ వస్తాయి?"

సిరిచుక్క ఏనుగుకి దండం పెట్టి కదిలింది.

రెండో రోజు ఆకలితో ఒక ఇప్పచెట్టు కిందికి చేరారు. నేలంతా ఇప్పపూలు రాలి తీయగా వాసన వేస్తోంది. అక్కడ ఒక ఎలుగుబంటి ఉంది. దాని వీపు మీద రెండు పిల్లలు ఆకలికి గోల చేస్తున్నాయి. సిరిచుక్కని చూడగానే ఎలుగు రెండు కాళ్ళ మీద లేచి గుర్రుమంది. సిరిచుక్క బిడ్డకి అడ్డం నిలబడింది. అలా చాలాసేపు గడిచింది. చివరికి ఎలుగు నాలుగు కాళ్ళ మీదికి దిగి, చెట్టుకి అవతలి పక్కకి జరిగింది.

"ఆ పక్క రాలినవి మీవి," అంది కోపంగానే. "చెవిలోడు నా చెవిలో ఇంకా వాగుతూనే ఉన్నాడు. నేను మనసు మార్చుకునే లోపు తిని వెళ్ళండి."

వాళ్ళు గబగబా తిని, దండం పెట్టి వెళ్ళిపోయారు.

మూడో రోజు పూరేకు కాలు పుండై వాచిపోయింది. పుండులో పురుగులు పడ్డాయి. పూరేకు ఒక బండ నీడన పడిపోయి, "అమ్మా, ఇక నావల్ల కాదు," అంది. అంతలో ఒక కాకి వచ్చి పూరేకు తొడ మీద వాలింది. సిరిచుక్క గుండె ఝల్లుమంది. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు కదా! తరిమికొట్టబోయింది.

"ఆగు వదినా," అంది కాకి. "నేను పురుగులే ఏరుతాను."

నిజంగానే ఒక్కొక్క పురుగునీ ఏరింది. ఒక్కచోట కూడా మాంసం తగలనివ్వలేదు. పుండు శుభ్రమయ్యాక పూరేకుకి ఊపిరి తిరిగింది.

"చెవిలోడు నీ దగ్గరికి రాలేదా?" అని అడిగింది సిరిచుక్క.

"రాకేం? కొంచెం లోతుగా పొడువు, పచ్చిమాంసం రుచిగా ఉంటుంది అన్నాడు. నోట్లో నీళ్ళూరలేదంటే అబద్ధం. కానీ పిల్ల నా వైపే చూస్తోంది. నన్ను నమ్మి కదలకుండా పడుకుంది. ఎలా పొడవను?"

కాకి ఎగిరిపోయింది. సిరిచుక్క అది కనుమరుగయ్యే దాకా చూస్తూ నిలబడింది. ఇన్ని రోజులుగా గుండెల్లో మండుతున్నది కాస్త చల్లారినట్టు అనిపించింది. అయినా అడగాల్సింది అడగాల్సిందే అనుకుని కొండెక్కింది.

పైన దేవుడు ఒక చదునురాతి మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఒక కుందేలు. దాని చెవులకి అంటుకున్న పల్లేరుకాయలు ఒక్కొక్కటే తీస్తున్నాడు. సిరిచుక్కని చూసి, "రా తల్లీ, చాలా దూరం నడిచావు," అన్నాడు.

ఆ మాటకే సిరిచుక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఆపుకుని అడిగింది: "దేవా, నువ్వు మంచివాడివి అంటారు. మరి ఆ చెవిలోణ్ణి ఎందుకు ఉండనిచ్చావు? నా బిడ్డ కాలు చూడు!"

దేవుడు పూరేకు కాలు చూశాడు. చాలాసేపు చూశాడు. కుందేలుని కిందికి దించి, పూరేకుని దగ్గరికి తీసుకున్నాడు.

"ఈ దెబ్బ నీకెంత నొప్పో నాకూ అంత నొప్పి," అన్నాడు. "వాణ్ణి నేను పంపలేదు. వాడికి చేతులు ఇవ్వలేదు, కోరలు ఇవ్వలేదు. ఎవరినీ తొయ్యలేడు, లాగలేడు. అడగగలడు, అంతే."

"ఆ అడగడం కూడా ఆపెయ్యి స్వామీ! నీకు చేతకాదా?"

"చేతనవును. కానీ విను తల్లీ. ప్రతివాళ్ళ లోపలా ఒక చోటుంది. చేద్దామా, మానుదామా అని ఆలోచించుకునే చోటు. వాడి మాట వినపడేది అక్కడే. అది మూసేస్తే వాడి నోరు మూతపడుతుంది. దానితోపాటు ఏనుగు వెనక్కి వేసిన రెండడుగులూ పోతాయి. నీళ్ళు పల్లానికి పారినట్టు అందరూ నేను తోసిన వైపు పోతారు. నువ్వు నీళ్ళు తాగి వాగుకి దండం పెట్టావా ఎప్పుడైనా? ఏనుగుకి పెట్టావు కదా?"

పెట్టిన మాట నిజమే.

"సగమే అర్థమైంది స్వామీ," అంది చివరికి.

దేవుడు నవ్వాడు. "సగం చాలు. మిగతా సగం నేను మాటల్లో చెప్పలేను. ఇంటికి వెళ్ళు."

పూరేకు కాలికి దేవుడు ఏవో ఆకులు నూరి కట్టాడు. పుండు మానింది. కుంటు మాత్రం పోలేదు. అది ఎందుకు పోలేదని సిరిచుక్క అడగలేదు, దేవుడు చెప్పలేదు. ఇద్దరూ కొండ దిగి లోయకి వచ్చేశారు.

నెల గడిచింది. తొలకరి పడింది. లోయంతా లేతగడ్డి మొలిచింది. ఒక ఉదయం సిరిచుక్క, పూరేకు పక్కపక్కనే మేస్తున్నారు. కొండముచ్చుల గుంపు అవతల చెట్ల మీద ఆడుకుంటోంది. బూదన్న కూతురికి ఇంకా కొమ్మ మీద పట్టు కుదరలేదు. చెయ్యి జారి, దబ్బుమని గడ్డిలో పడింది. పైన ఎవరూ చూడలేదు.

అప్పుడే గాలి తిరిగింది. సిరిచుక్క ముక్కుపుటాలు అదిరాయి. చిరుత వాసన! చూస్తే, పొద వెనక నుంచి చిరుత ఆ పసిదాని మీదికి పొంచి వస్తోంది.

సిరిచుక్క మెడ ఎత్తింది. వెంటనే చెవిలో గొంతు వినపడింది.

"అరవకు. నీ బిడ్డ వంతు వచ్చినప్పుడు వాడు అరిచాడా? పళ్ళు తింటూ చూశాడు. ఇవాళ వాడి బిడ్డ వంతు. చూడనీ."

సిరిచుక్క గొంతులో అరుపు ఆగిపోయింది.

"ఇంకో మాట," అన్నాడు చెవిలోడు. "నువ్వు అరిస్తే చిరుత నీ వైపు తిరుగుతుంది. నువ్వు పరిగెత్తగలవు. పూరేకు పరిగెత్తగలదా?"

ఆ మాట అబద్ధం కాదు. అదే కష్టం! సిరిచుక్క కూతుర్ని చూసింది. పూరేకు ఏమీ తెలియకుండా గడ్డి నములుతోంది. గడ్డిలో పడ్డ పసిదాన్ని చూసింది. అది లేవాలని చూస్తూ మళ్ళీ మళ్ళీ పడిపోతోంది. అచ్చం పూరేకులాగే.

సిరిచుక్క కూతుర్ని తన వెనక్కి నెట్టుకుంది. లోయంతా దద్దరిల్లేలా అరిచింది. ఒకసారి కాదు. ఊపిరి అందినంతసేపూ అరిచింది.

చిరుత తల తిప్పింది. చేతికి చిక్కాల్సిన వేట చెడింది. కోపంతో కళ్ళు ఎర్రబడ్డాయి. అది సిరిచుక్క వైపు రాసాగింది. సిరిచుక్క కదల్లేదు. కదిలితే వెనక పూరేకు ఉంది.

అరుపు విని బూదన్న చెట్టు మీద నుంచి చూశాడు. కింద కూతురు. అవతల చిరుత. దాని ఎదురుగా సిరిచుక్క. ఒక్క దూకులో దిగి కూతుర్ని ఎత్తి, పై కొమ్మ మీదున్న తల్లికి అందించాడు. ఇక ఎక్కెయ్యవచ్చు. ఒక్క క్షణం కొమ్మ పట్టుకుని ఆగాడు కూడా. తర్వాత కొమ్మ వదిలేసి, పరిగెత్తుకుంటూ వెళ్ళి, చిరుతకీ సిరిచుక్కకీ మధ్య నేల మీద నిలబడి పళ్ళు బయటపెట్టి అరిచాడు.

చిరుత పంజా విసిరింది. బూదన్న భుజం చీరుకుపోయింది. అయినా పక్కకి తప్పుకోలేదు. ఈలోగా గుంపంతా చెట్ల మీద చేరి కొమ్మలు ఊపుతూ, ఎండుపుల్లలు విసురుతూ, చెవులు చిల్లులు పడేలా కేకలు వేసింది. దొంగచాటు వేటగాడికి అందరి కళ్ళూ తన మీద పడ్డాక ఇంకేం వేట? చిరుత తోక ముడిచి పొదల్లోకి పోయింది.

బూదన్న భుజం పట్టుకుని కూలబడ్డాడు.

"అక్కా, ఎందుకు అరిచావు?" అని అడిగాడు. "నేను అరవలేదు కదా ఆ రోజు."

"చెవిలోడూ అదే అన్నాడు," అంది సిరిచుక్క. "కొంచెంసేపు విన్నాను కూడా. నాకు సిగ్గుగా ఉంది."

"నాకూ చెప్పాడు. నీ బిడ్డ నీకు దక్కింది, ఎక్కెయ్ అన్నాడు." బూదన్న కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ రోజు తిన్న పళ్ళు ఇంకా నాకు అరగలేదు అక్కా. నన్ను క్షమించు."

సిరిచుక్క వంగి అతని భుజం మీది గాయాన్ని నాలుకతో శుభ్రం చేసింది. మాటతో చెప్పలేదు. ఆ పనితోనే చెప్పింది. పూరేకు కుంటుకుంటూ వచ్చి బూదన్న ఒడిలో తల పెట్టింది.

అప్పుడు సిరిచుక్కకి దేవుడు చెప్పలేనన్న మిగతా సగం అర్థమైంది. బూదన్నని ఎవరూ చెట్టు మీద నుంచి తొయ్యలేదు. తనంతట తనే దిగి వచ్చాడు. వద్దని చెవిలో చెప్తున్నా వచ్చాడు. ఏనుగు అంతే, ఎలుగు అంతే, కాకి అంతే. ఇంతమంది తమంతట తాము తనకి మేలు చేశారు! ఇన్నాళ్ళూ చెవిలోడి గొంతే విన్నాను, వీళ్ళని లెక్కలోకి తీసుకోలేదే అనుకుంది. గుండె నిండిపోయింది.

సిరిచుక్క తల వంచి, పచ్చగడ్డికి నుదురు ఆనించి ఇలా అంది: "దేవా, నా చేత అరిపించలేదు నువ్వు. నన్ను అరవనిచ్చావు. నీకు వెయ్యి దండాలు."

నీతి: చెడు మాట చెవిన పడకుండా దేవుడు ఆపడు; దాన్ని కాదనే బలం మనకి ఇస్తాడు. ఆ బలంతో మనకి మేలు చేసినవాళ్ళని ఎన్నడూ మరువకూడదు.